వెనక నుంచి గుద్దిన వెలుగు

నేల మీద చేయి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా నన్ను నమ్మేవాళ్ళు తక్కువ కాబట్టి ముందే ఒట్టు పెట్టుకుంటున్నాను.

నందవరం దగ్గర మా ఊరు. ఏడాది పత్తంతా ట్రాక్టరు ట్రాలీలో పోసి ఆదోని మార్కెట్ యార్డుకు తీసుకుపోతున్నాం. ముందు చేరిన బండికే మంచి ధర పలుకుతుందని మావాళ్ళ నమ్మకం. అందుకే అందరికన్నా ఆలస్యంగా బయలుదేరినవాడు అందరికన్నా జోరుగా తోలుతాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కిరాయి డ్రైవరు తోలుతుంటే పత్తి గుట్ట మీద నేనూ నా భార్యా కూర్చున్నాం. కర్నూలులో ఫిజిక్సు చదివే మా కూతురు ఫోను చేసి, తన పరీక్ష పాఠం నాకు అప్పజెబుతోంది.

“పెద్ద నక్షత్రం సచ్చేటప్పుడు సన్నటి ధార ఎగజిమ్ముతాది నాయినా. అంతా ఒకే జోరున రాదు. వెనకాల జోరుగా వచ్చేది ముందర మెల్లగా పోయేదాన్ని గుద్దుతాది. ఆ దెబ్బకే గామా కిరణాలు మెరుస్తాయి. ఎన్ని గుద్దుళ్ళో అన్ని మెరుపులు.”

“ఎదురెదురుగా వస్తే కదా గుద్దుకునేది?”

“ఒకే దావన పోయేటివే గుద్దుకుంటాయి.”

స్పీకరులో వింటున్న నా భార్య నవ్వింది. “నీకంటే పెద్ద కోతలు కోస్తాంది నీ కూతురు.”

ఎమ్మిగనూరు దాటాక స్పీడు బ్రేకరు దగ్గర మా బండి నెమ్మదించింది. వెనక నుంచి దూసుకొచ్చిన నా బావమరిది ట్రాక్టరు మా ట్రాలీని గుద్దింది. ఇనుము ఇనుముకు రాసుకుని రవ్వలు లేచాయి. అది ఆగక మళ్ళీ గుద్దింది, మళ్ళీ రవ్వలు. పాఠం నా కాళ్ళ కిందే జరుగుతోంది. పత్తి మూల అంటుకుంది.

వెంటనే వంగి, మండుతున్న పత్తిని రెండు చేతులా పెకలించి రోడ్డు మీదికి విసిరేశాను.

“ముందర పోయేటోడివి అంత మెల్లగా పోతే ఎట్ల బావా?” అన్నాడు బావమరిది, ట్రాక్టరు దిగుతూనే.

“నా తమ్మునివి కాబట్టి బతికిపోయినావు,” అంది నా భార్య.

ఇక ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ రెండు చేతులూ నావని చెప్పడం. రవ్వలు లేచినప్పుడు కొయ్యబారిపోయి, మూడో మెరుపు కోసం చూస్తూ కూర్చున్నాను. నిప్పును పెకలించింది నా భార్య. యార్డులో వ్యాపారికి పత్తి చూపించింది కూడా గుడ్డ చుట్టిన ఆమె చేతులే.