మోతీ మీద మా అత్తగారు

మా అత్తగారు కిందటి నెలలో చనిపోయారు. పొద్దున్నే లేచి కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కారు. నేను స్కూలుకి బయల్దేరుతూ చెప్పి వెళ్దామని గదిలోకి వెళ్తే అప్పటికే ప్రాణం లేదు. ముఖం ఎంత మామూలుగా ఉందంటే, నాకు అర్థంకాక మళ్ళీ మళ్ళీ పిలిచాను. చర్చి గంట మోగాక ఊళ్ళో ఒకరికొకరు చెప్పుకున్న మాట, "గుర్రం మామ్మగారు పోయారంట" అని. సమాధి దగ్గర పాస్టరుగారు ఆవిడ అసలు పేరు చదివితే, ఇదెవరి పేరా అని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మాది దెందులూరు దగ్గర ఊరు. ఏలూరు నుంచి హైవే మీద వచ్చేవాళ్ళలో కొందరైనా ఆవిణ్ణి చూసే ఉంటారు. సర్వీసు రోడ్డు వారగా, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, తెల్లగుర్రం మీద నిటారుగా కూర్చుని వెళ్తుండే పెద్దావిడ. మీరు కారు ఆపి ఫోటో తీసుకుని ఉంటే ఆవిడ మీకు చెయ్యి కూడా ఊపే ఉంటారు. ఆవిడే మా అత్తగారు.

మా మామగారు పోయిన మరుసటి ఏడు, ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అందరం భోజనాలు చేస్తున్నాం. అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, ఊరగాయ అడిగినంత మామూలుగా, "అబ్బాయ్, నాకో గుర్రం కావాల్రా" అన్నారు.

మా ఆయన చేపల చెరువులు చూసుకుంటారు. ఏది అడిగినా ముందు లెక్క వేసుకునే మనిషి. ఆ రోజు లెక్క కూడా తోచలేదు. "గుర్రమేంటమ్మా?" అన్నారు.

"గుర్రమంటే గుర్రమే. ఎక్కడానికి."

"మోకాళ్ళు నొప్పులంటావు కదా. కావాలంటే స్కూటరు కొనిపెడతాను, నేర్చుకో."

"స్కూటరు నన్ను చూసి సకిలిస్తుందా? కొల్లేరు నిండా గుర్రపుడెక్కే పరుచుకుని ఉంది. చూద్దామంటే గుర్రం ఒక్కటీ లేదు. ఇదేం ఊర్రా."

అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు. కానీ కంచం తీస్తూ మళ్ళీ అన్నారు, "నేను వేళాకోళానికి అనలేదు."

ఆ సాయంత్రం వరండాలో చింతపండు పిక్కలు తీస్తూ నాకు సంగతి చెప్పారు. ఆవిడ పుట్టింది ఉంగుటూరు వైపు. తండ్రి ఉపదేశి. కాలవగట్ల వెంట ఊరూరూ తిరిగి ప్రార్థనలు జరిపేవారట. వానాకాలం మోకాలి లోతు బురదలో సైకిలు నడవదని ఒక తట్టువని, అంటే పొట్టి గుర్రాన్ని, పెంచారు. చిన్నప్పుడు ఈవిడ దాని మీద తండ్రి ముందు కూర్చునేవారు. కాస్త ఎదిగాక కాలవలో కడగడానికి ఒక్కరే తోలుకెళ్ళి, ఎక్కి, చేలగట్ల మీద తిరిగి, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కట్టేసేవారు. ఓణీ వేసిన రోజుతో అది ఆగిపోయింది.

"తిట్టలేదు, కొట్టలేదు అమ్మాయ్. ఇక చాల్లే అన్నారంతే. వాళ్ళకి చాలింది. నాకు చాల్లేదు" అన్నారు.

పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చి, నాట్లూ కోతలూ చూసుకుని, పిల్లల్ని పెంచి, మామగారి మంచం పక్కన ఏడాదిపాటు కూర్చుని, అన్నాళ్ళలో ఈ మాట ఒక్కసారి కూడా ఎత్తని మనిషి. నేను ఆ ఇంటి కోడలిగా ఆవిడతో అన్ని సంవత్సరాలు ఉండి, ఆవిడ గురించి నాకు అంతా తెలుసనుకున్నాను.

ఏలూరులో పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని ఇచ్చే సాయిబుగారొకాయన ఉన్నారని మా స్కూల్లో ఎవరో చెప్పారు. పెళ్ళికొడుకులు ఇప్పుడు పూల కార్లే అడుగుతున్నారని, ఆయన గుర్రాన్ని వదిలించుకునే ఆలోచనలో ఉన్నారు. ఆటో మాట్లాడుకుని నేనూ అత్తగారూ వెళ్ళాం. ఇరుకు సందులో, రేకుల షెడ్డు కింద, మోతీ నిలబడి ఉంది. వయసు మళ్ళుతున్న ఆడగుర్రం. తెలుపే గానీ, మోకాళ్ళ దగ్గర బూడిదరంగు.

అత్తగారు నేరుగా దాని దగ్గరికి వెళ్ళలేదు. పక్కగా నిలబడి, చెయ్యి చాపి ఊరుకున్నారు. అది వాసన చూసింది. ఆవిడ దాని మెడ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

సాయిబుగారు కాసేపు చూసి, "దీని మీద ఎంతమంది పెళ్ళికొడుకులు ఎక్కారో చెప్పలేనండీ. అందరూ భయంతోనే ఎక్కారు. ఎప్పుడు దిగుదామా అనే చూశారు. ఇష్టపడి ఎక్కేవాళ్ళు దొరికితే దానికీ బాగుంటుందండీ" అన్నారు.

మోతీ చిన్న వ్యానులో మా ఊరు చేరింది. పేరు మారుస్తారా అని అడిగితే, "ఈ వయసులో దానికి కొత్త పేరెందుకు. నాకు మార్చారా?" అన్నారు. ఆ తర్వాత ఊరంతా కలిసి ఆవిడ పేరే మార్చేసింది.

మొదటి రోజుల్లో చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కేవారు. తర్వాత ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నీ పాత పంజాబీ డ్రెస్సులేమైనా ఉన్నాయా అమ్మాయ్?" అని అడిగారు. చర్చిలో ఆడవాళ్ళు కొందరు పాస్టరుగారి దగ్గర ఈవిడ గుర్రమెక్కడం గురించి ఎత్తిపొడుపుగా అన్నారట. ఆయన, "బైబిల్లో గుర్రాలు బోలెడున్నాయండీ. స్కూటర్లే లేవు" అని పంపేశారు. ఈ మాట విని అత్తగారు వారం రోజులు నవ్వుకున్నారు.

ఆవిడ రోజు గుర్రంతోనే మొదలయ్యేది. రాత్రి నానబెట్టిన ఉలవలు పెట్టి, నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఎత్తి డెక్కల్లో రాళ్ళేమైనా ఇరుక్కున్నాయేమో చూసి, ఒళ్ళు తోమి, అప్పుడు కాఫీకి వచ్చేవారు. కాఫీ చల్లారిపోతోందని నేను కేకేస్తే, "దానికి నోరు లేదు. కాఫీకి కాళ్ళు లేవు. ఎక్కడికి పోతుంది?" అనేవారు.

ఒకసారి సర్వీసు రోడ్డు మీద వెళ్తుంటే ఫంక్షన్ హాలు ముందు బ్యాండు మొదలైంది. ఊరేగింపు గుర్రం కదా, మోతీకి పాత అలవాటు గుర్తొచ్చింది. ముందుకాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతూ రోడ్డు మీదే చిందులేసింది. పైన మా అత్తగారు. బ్యాండువాళ్ళు ఇంకా జోరుగా వాయించారు. పెళ్ళివారు పెళ్ళికొడుకుని వదిలేసి ఇటు తిరిగారు. నీకు సిగ్గెయ్యలేదా అని మా ఆయన కోపంగా అడిగితే, "అది సంతోషంగా ఉంటే నేను సిగ్గుపడి ఏం చెయ్యన్రా" అన్నారు.

అంతా సంతోషంగానే సాగిందని చెప్పలేను. రెండో వానాకాలంలో చేపల చెరువు గట్టు మెత్తబడి మోతీ కాలు జారింది. అది నిలదొక్కుకుంది గానీ ఆవిడ పడిపోయారు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఏలూరు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాం. ఇంటికొచ్చాక మా ఆయన, "గుర్రాన్ని అమ్మేస్తున్నాను" అన్నారు. తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన చూడ్డానికి వస్తానని ఫోన్ కూడా చేశాడు.

అత్తగారు గొడవ పడలేదు. "అమ్మేయ్ నాన్నా. పడ్డానని కాదు. నీకు నిద్ర పట్టడం లేదు, చూస్తున్నాను" అన్నారు. ఆ తర్వాత వరండాలో కుర్చీ జరుపుకుని, మోతీని కట్టేసిన వైపుకి వీపు పెట్టి కూర్చున్నారు. అది సకిలించినప్పుడల్లా ఆవిడ వీపు కొద్దిగా కదిలేది. తల మాత్రం తిప్పలేదు. రెండు రోజులు అలాగే కూర్చున్నారు. ఇక నేను చూడలేకపోయాను.

"ఏవండీ, గుర్రాన్ని ఉంచండి. నేను నేర్చుకుంటాను" అన్నాను.

"నువ్వా? కుక్క మొరిగితే రోడ్డు దాటవు."

"అందుకే మీ అమ్మగారి దగ్గర నేర్చుకుంటాను."

గూడెం ఆయనకి రావద్దని ఫోన్ చేశారు. మర్నాటి నుంచీ నాకు పాఠాలు. మెడకి చెయ్యి వేలాడగట్టుకుని అత్తగారు పెరటి మధ్య నిలబడేవారు. నేను జీను మీద బిగుసుకుపోయి, పగ్గాలు గట్టిగా గుంజి పట్టుకునేదాన్ని.

"దాని నోరది, బావి చేద కాదు. వదులు చెయ్యి."

"భయమేస్తోందండీ అత్తయ్యగారూ."

"భయపడు. నువ్వు భయపడుతున్నావని దానికి ఎలాగూ తెలుసు. దాచావంటే మాత్రం ఇదేదో అబద్ధాల మనిషని అనుమానిస్తుంది."

బడిలో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నాకు ఆ మాట ఎన్నోసార్లు పనికొచ్చింది. బెదురుగా ఉన్న పిల్లని భయపడకు అనడం మానేశాను. భయపడుతూనే చెప్పమ్మా అంటాను. చెబుతారు.

దీపావళి నాటికి నేను పెరట్లోంచి పుంతదారిలోకి, అక్కణ్ణుంచి కాలవ గట్టు మీదకి వచ్చాను. పేపర్లు దిద్దీ దిద్దీ పట్టేసిన నా నడుముకి, అసలు నడుమంటూ ఉందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మోతీ ఆలనాపాలనా నాదే. ఆవిడ పోయిన రోజున కూడా, ఇంటినిండా జనం ఉండగా, ఉలవలు పెట్టే వేళకి నా కాళ్ళు వాటంతటవే పాకవైపు నడిచాయి. అది నన్ను దాటి గుమ్మంకేసి చూసింది. దానికెలా చెప్పాలో నాకు తెలియలేదు. మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోజు కాదు. ఎముక అతికాక వచ్చిన క్రిస్మసు రోజులు. ఇళ్ళ ముందు తారలు ఇంకా దించలేదు. డాక్టరు గుర్రం మాటే ఎత్తొద్దన్నారు గనక ఆవిడ ఎక్కడం లేదు, అడగడమూ లేదు. సెలవులు కదా, కొల్లేరు దాకా వెళ్ళొద్దామన్నాను. నేను మోతీ మీద. మా ఆయన బైకు మీద, వెనక అత్తగారు, ఆవిడ ఒళ్ళో ఇడ్లీల డబ్బా. మంచు విడుతోంది. కోసిన చేలల్లో మినుము మొలకలు. ఆవిడ వెనకనుంచి, "మడమలు దించు అమ్మాయ్" అని కేకేస్తూనే ఉన్నారు.

చెరువులు దాటి, గట్లు అయిపోయి, కొల్లేరు అంచున నీళ్ళు తగ్గిన మెరక మీదకి చేరాం. ఎండిన తుంగ, గట్టిపడిన నేల, దూరాన గూడబాతుల గుంపు. నేను దిగి ఇడ్లీలు విప్పాను. అత్తగారు తినలేదు. మోతీ మెడ నిమురుతూ నిలబడ్డారు. మా ఆయన ఆవిణ్ణే చూస్తున్నారు. చాలాసేపు చూశారు.

"ఎక్కుతావా అమ్మా?" అన్నారు.

ఆవిడ, "డాక్టరుగారు..." అన్నారు, సగంలో ఆపి.

"ఆయన్ని నేను పిలవలేదుగా."

ఆయనే వంగి, రెండు చేతులూ కలిపి మెట్టులా పట్టారు. ఆవిడ చెప్పులు విడిచి, కొడుకు అరచేతుల మీద పాదం పెట్టి, పైకి లేచి జీను మీద కూర్చున్నారు. పగ్గాలు సర్దుకున్నారు. మోతీ చెవులు నిక్కించింది. నా కింద అది ఎప్పుడూ నడవని నడక నడిచింది, ఆ తర్వాత దుముకుడు పరుగు, ఆ తర్వాత దౌడు. తువ్వాలు ఊడి ఎగిరిపోయింది. నెరిసిన జుట్టు ముడి విడిపోయింది. నాకు భయమేసి మా ఆయన జబ్బ పట్టుకున్నాను. "నిదానంగా అమ్మా" అని అరుస్తారనుకున్నాను. ఆయన అరవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయారు.

ఆవిడ చాలా దూరం వెళ్ళి, పెద్ద చుట్టు తిరిగి, మళ్ళీ మా వైపు వచ్చారు. మా దగ్గర ఆగలేదు. మా ముందునుంచే దౌడు తీస్తూ మళ్ళీ వెళ్ళారు. ఆవిడ పెద్దగా నవ్వుతున్నారు. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. మా ఆయనా వినలేదట. అప్పుడు నాకు ఆవిడ వయసెంతో, ఎవరి తల్లో, ఎవరి అత్తో, ఏదీ తోచలేదు. బాగా స్వారీ చేస్తున్న ఒక మనిషి కనబడుతోంది, అంతే. ఇంతటి సంతోషాన్ని కళ్ళారా చూసినందుకు నేను దేవుడికి ఈ రోజుకీ కృతజ్ఞతలు చెబుతుంటాను.

చివరికి మోతీ తనే నెమ్మదించి నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ లోతులో నిలబడి, తల వంచి తాగడం మొదలుపెట్టింది. అత్తగారు ముందుకి వాలి దాని మెడ మీద చెంప ఆనించారు. ఇద్దరూ రొప్పుతున్నారు. ఆవిడ ఉత్త పాదాలు నీళ్ళకి కాస్త పైన వేలాడుతున్నాయి. మా ఆయన ప్యాంటు తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళలోకి నడిచి వెళ్ళారు. వెళ్ళి పగ్గాలు పట్టుకోలేదు. దిగమనీ అనలేదు. అమ్మ చెప్పులు రెండూ గుండెకి ఆనించి పట్టుకుని, ఆవిడ లేచేదాకా పక్కనే నిలబడ్డారు.