ఏరు దాటినా మారని మా పిన్ని రూలు

మా పిన్ని పోయిందని ఫోన్ వచ్చేటప్పటికి నేను వెల్దుర్తిలో ఒకరి ఇంటి ముందు నిచ్చెనెక్కి కెమెరా బిగిస్తున్నాను. నిద్రలోనే పోయిందట. కిందికి దిగి అరుగు మీద కూలబడితే ఆ ఇంటాయన మంచినీళ్ళిచ్చి, "పని రేపైనా చూసుకోవచ్చు, ముందు నువ్వు బయల్దేరు" అన్నాడు. దారంతా ఏడ్చాను. మా అమ్మ పోయినప్పటి నుంచీ నన్ను మందలించే హక్కు ఆమె ఒక్కదానికే ఉండేది.

నరసరావుపేటలో ఆడపిల్లల హాస్టలు నడిపేది పిన్ని. బాబాయ్ పోయాక, అందరూ వద్దన్నాక మొదలుపెట్టింది. అది నిలదొక్కుకోగానే కృష్ణ అవతల మిర్యాలగూడలో ఇంకొకటి తెరిచింది. కెమెరాలు పెట్టడం నా వృత్తి కాబట్టి రెండు చోట్లా ఆ పని నా మీదే పడింది. బయటివాళ్ళ దగ్గర పని చేస్తే పని ఒక్కటే ఉంటుంది. మా పిన్ని దగ్గర చేస్తే తిట్లూ తిండీ కూడా ఉండేవి.

రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు కెమెరాలకు చట్టమూ ఒకటే. విడిపోయాక ఎవరి ఉత్తర్వులు వాళ్ళవి, ఏ ఠాణా పట్టింపు ఆ ఠాణాది. మామూలుగా ఎక్కడిది అక్కడికి సరిపెట్టేస్తారు. పిన్ని మాత్రం అన్నం డబ్బా సర్దుకుని, పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా బస్సులో పోయి అవతల ఠాణాలో అడిగేది. తిరిగొచ్చి ఇక్కడి ఠాణాలో అవే ప్రశ్నలు అదే వరసలో అడిగేది. అవతల మాకు తగిలిన అధికారి గేటు బయటి రోడ్డు కూడా కెమెరాలో పడాలన్నాడు, కెమెరాలున్నట్టు బోర్డు పెట్టమన్నాడు. ఇవతలి ఆయన ఆ ఊసే ఎత్తలేదు. రికార్డింగు ఎన్నాళ్ళు దాస్తారన్నదే ఆయన పట్టింపు.

"ఇప్పుడేంది పిన్నీ, ఏ ఊరికి ఆ ఊరి పద్ధతిలో చేసేద్దామా?" అన్నాను.

"రెండిట్లో ఏది గట్టిదైతే అది రెండు చోట్లా పెట్టు. ఏరు దాటితే ఆడపిల్ల మారిపోద్దా ఏందిరా?"

అంతే. వైరు ఎక్కువ పట్టింది, నా నడుం పడిపోయింది, ఆమె మాట మాత్రం మారలేదు.

ప్రభుత్వం చెప్పినవి కాక ఆమె సొంత పరీక్ష ఒకటుండేది. వరండాలో కెమెరా తాత్కాలికంగా పెట్టమని, తను ఒక్కో గదిలోకి పోయి తలుపు బార్లా తీసి మంచమ్మీద కూర్చునేది. "నాకది కనపడతంది. అంటే దానికి నేను కనపడతన్నట్టే. జరుపు" అనేది. ఏ మంచం మీద కూర్చున్నా కనపడకుండా ఉండేదాకా నిచ్చెన దిగనిచ్చేది కాదు.

మా పల్నాడు పల్లెల సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో రెండు వర్గాలకు గొడవైతే మర్నాడు నాకు ఫోన్ వస్తుంది. కెమెరా కావాలి, అది ఎదుటివాడి వాకిలి వైపు తిరిగి ఉండాలి. ఫోన్‌లో నలుగురికీ చూపించుకోవడం పెద్దరికం. గురజాల దగ్గర పల్లెలో ఒక పెద్దాయన ఇంటికి అట్లా పెట్టి వచ్చాను. ఆయన పెద్దకూతురు పిన్ని నరసరావుపేట హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. తన ఇంటి కెమెరా ఎట్లాగో హాస్టలు కెమెరా కూడా అట్లాగే తన కోసమేనని ఆయన నిజంగానే నమ్మాడు.

ఒకరోజు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు.

"ఏందమ్మా, మా పిల్ల గేటు కాడ ఎవడితోనో మాట్లాడిందంట. ఆ రికార్డింగు చూపియ్యి."

"ఠాణా నుంచి కాగితం తెండి అన్నయ్యా, పోలీసులకిస్తా. ఏ తండ్రికీ చూపియ్యను."

"నా కూతుర్ని నేను చూసుకోకూడదా?"

"కూతుర్ని చూసుకో. ఇదిగో కుర్చీ. పిలుస్తా, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగు. టీవీలో ఎందుకు చూడటం?"

ఆయన కూర్చోలేదు. "హాస్టలు ఎట్టా నడుపుతావో నేనూ చూస్తా" అని వెళ్ళిపోయాడు. మెట్ల మీద నుంచి అంతా విన్న ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. "చూపించెయ్యండి ఆంటీ, నేనేం తప్పు చెయ్యలేదు" అంది. పిన్ని దాని భుజం మీద చెయ్యేసి, "తప్పు చెయ్యలేదని రుజువు చేసుకోటానికా తల్లీ నువ్విక్కడుంది? పో, చదువుకో పో" అంది.

వారం తిరక్కముందే, హాస్టల్లో భద్రత సరిగా లేదని ఫిర్యాదు అందిందంటూ అధికారులు తనిఖీకి వచ్చారు. ఎవరు చేశారో మాకెవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. పరీక్షలు నెత్తి మీదున్నాయి. చిన్న లోపం దొరికినా తాళం పడేది, పిల్లలంతా రోడ్డున పడేవాళ్ళు. నేను వైర్లన్నీ ఇంకోసారి తడిమి చూసుకుంటున్నాను. ఆమె మాత్రం వచ్చినవాళ్ళకు టీ పెట్టించి, ఒక్కో కెమెరా కిందికీ తీసుకుపోయి చూపించింది. వాళ్ళు అడగాల్సినవన్నీ ఉన్నాయి, అడగనివి కూడా ఉన్నాయి. "ఈ బోర్డు ఎవరు పెట్టమన్నారమ్మా?" అని ఒకాయన అడిగితే, "ఏటి అవతల వాళ్ళు" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తాళం పడలేదు. ఆ పిల్ల పరీక్షలు రాసింది, ఇప్పుడు సత్తెనపల్లిలో ఉద్యోగం చేస్తోంది.

మొండిది మా పిన్ని. ఆ మొండితనం నీడలో ఎందరు ఆడపిల్లలు ధైర్యంగా నిద్రపోయారో తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇప్పుడు రెండు హాస్టళ్ళూ నేనూ నా భార్యా చూసుకుంటున్నాం. ఆమె అంత గట్టిగా నిలబడగలమా అని భయం ఉంది. అయినా నిలబడతాం.

పెద్దకర్మ అయిన మర్నాడు హాస్టలు గేటు ముందు కారు ఆగింది. గురజాల వైపు పెద్దాయన. జుట్టు బాగా నెరిసింది. పిన్ని ఫొటోకు దణ్ణం పెట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"ఆమె పోయిందిగా. మరి ఆ పద్ధతి ఉందా, అదీ పోయిందా?"

"ఏ పద్ధతండీ?"

"నాకు చూపియ్యనంది చూడు, అది."

"ఉంది. ఇప్పుడడిగినా చూపించం."

ఆయన కారు వైపు తిరిగి, "దిగమ్మా" అన్నాడు.

చిన్నకూతురు దిగింది. ఒక చేతిలో పెట్టె, చంకలో పరుపుచుట్ట. నేను అందుకోబోతే వద్దని, తనే తీసుకుని మెట్లెక్కింది. ఆయన గేటు దగ్గరే ఆగిపోయి, ఆ పిల్ల మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అట్లాగే నిలబడ్డాడు.