ఖాళీలు ముందు, పాట తర్వాత

మినోవా కెంజో ఉద్యోగం వాహనాలను ఆపడం. నగోయాలో ఏ రోడ్డు తవ్వినా ఆ గోతికి అటొకరు ఇటొకరు హెల్మెట్లు పెట్టుకుని నిలబడాలి. అందులో ఒకరు మినోవా. ఎర్రగా వెలిగే కర్ర అడ్డంగా పెడితే లారీలు ఆగుతాయి, ఊపితే కదులుతాయి. గొయ్యి పూడ్చగానే మరో గోతికి బదిలీ. ఆయన సర్వీసులో ఒక్క లారీ కూడా గోతిలో పడలేదు. ఇందుకు ఆయనకు ఎవరూ సన్మానం చేయలేదు, ఆయనా ఆశించలేదు.

ఆయన కీర్తి వేరే చోట ఉండేది. ఓసు బజారులో, రేడియో విడిభాగాల దుకాణం పక్కన మెట్లు దిగితే ఒక హాలు. శనివారం మధ్యాహ్నాలు అక్కడ యానిమే పాటల కచేరీలు జరిగేవి. వచ్చేవాళ్ళంతా ఒతాకులు, అంటే బొమ్మల సీరియళ్ళ మీదా వాటి పాటల మీదా ప్రాణం పెట్టుకున్న పెద్దమనుషులు. వారమంతా ఆఫీసుల్లో ఎవరికీ వినపడకుండా మాట్లాడి, ఆ గొంతునంతా దాచుకుని అక్కడికి తెచ్చేవారు.

ఆ పాటల్లో ఒక పాదానికీ ఇంకో పాదానికీ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పాడేవాళ్ళ ఆస్తి కాదు, కింద నిలబడ్డ వాళ్ళది. అక్కడ "హై, హై" అనాలా, పాడే అమ్మాయి పేరు పిలవాలా, పొడుగ్గా "ఓ" అని సాగదీయాలా అన్నది ఎప్పుడో ఎవరో నిర్ణయించి పెట్టారు. ఎవరు నిర్ణయించారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. తప్పు అరుపు అరిచినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఊరికే చూస్తారు. ఆ చూపు తిన్నవాడు మళ్ళీ శనివారం రాడు.

ఈ శాస్త్రంలో మినోవా మహామహోపాధ్యాయుడు. తొయోహాషి నుంచి రైలెక్కి వచ్చి ఆయన వెనక నిలబడి నేర్చుకునేవాళ్ళు ఉండేవారు. లోపం ఒక్కటే, ఆయనకు ఏ పాటా రాదు. ఫలానా పాట కాస్త వినిపించమంటే మౌనంగా తల ఊపుతూ కూర్చుని, ఖాళీ రాగానే అరిచి, తిరిగి మౌనంలోకి వెళ్ళిపోయేవాడు.

అలాంటి మనిషికి ఒక కోరిక ఉండేది. పన్నెండేళ్ళుగా స్టేజీని కిందినుంచే చూశాడు. పాడేవాళ్ళ మోకాళ్ళూ, ముందు వరసవాళ్ళ మెడలూ ఆయనకు కొట్టినపిండి. ఒక్కసారి పైకెక్కి, వాద్యం పట్టుకుని, అటునుంచి ఇటు చూడాలి. ఈ సంగతి ఆయన షిజు పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు. షిజు పిన్నికి చెబితే ఓసు మొత్తానికి చెప్పినట్టే.

షిజు పిన్నిది ఆ వీధి చివర కాఫీ దుకాణం. పొద్దున్న పూట కాఫీ చెబితే టోస్టూ ఉడికించిన గుడ్డూ ఊరికే వస్తాయి గనుక, నగోయాలో ముఖ్య నిర్ణయాలన్నీ పదకొండు లోపే జరిగిపోతాయి. ఒక ఆదివారం అక్కడ ఇనుకాయ్ అనే ఆయన టోస్టు మీద తీపి చిక్కుడు ముద్ద రాసుకుంటూ దిగులుగా కూర్చున్నాడు. ఇనుకాయ్ కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఇంటి దగ్గర గిటారు వాయించి, కంప్యూటరులో డోలు కొట్టించి, సొంత పాటల సీడీలు చేసి అభిమానుల సంతల్లో బల్ల వేసుకుని అమ్ముతాడు. అమ్ముతాడు అన్నది మర్యాదకు అన్నమాట. ఇక కొత్త పాటలేవీ తట్టడం లేదని ఆయన బాధ.

ఎదురుగా కూర్చున్న మినోవా తన దగ్గర ఒక పాటుందని చెప్పి, చెంచాతో బల్ల మీద కొట్టి చూపించాడు. ఇక్కడ రెండుసార్లు అరుస్తాం, ఇక్కడ ఆగుతాం, ఇక్కడ పొడుగ్గా ఒకటి, చివర అందరం గంతేస్తాం.

ఇనుకాయ్ చాలాసేపు ఎదురుచూశాడు. "పాట ఏదండీ?"

"అది మీ పని. నేను ఖాళీలు ఇచ్చాను."

ఇంకొకడైతే నవ్వేవాడే. కానీ ఇనుకాయ్‌కి రోజూ డాక్టర్ల దగ్గరి నుంచి వచ్చేవి ఖాళీల అచ్చులే. దవడలో ఎక్కడ సందుందో చూసి దానికి తగ్గట్టు పన్ను చెక్కడమే ఆయన జీవనోపాధి. మినోవా కొట్టిన దెబ్బలను మరోసారి కొట్టించుకుని, కాగితపు రుమాలు మీద గీతలు పెట్టుకుని, ఆ గీతల మధ్య పట్టేంత రాగం చెక్కుకొస్తానని వెళ్ళాడు. తరవాతి ఆదివారానికి తెచ్చాడు కూడా. ఒక్క ఖాళీ కూడా కదల్లేదు. ఇలాగే ఇంకో మూడు పాటలు తయారయ్యాయి.

పాడటానికి హిబినో అనే అమ్మాయి దొరికింది. శిశుపాఠశాల పంతులమ్మ. ఇసుక గుంటలో ఉన్న పిల్లవాడికి గేటు దగ్గరి నుంచి వినపడే గొంతు. పిల్లల తల్లిదండ్రులు గుర్తుపట్టకుండా ముఖానికి సగం ముసుగు వేసుకుంటానన్న షరతు మీద ఒప్పుకుంది. బృందం పేరు షిజు పిన్ని పెట్టింది. పాటలకన్నా సందులే ఎక్కువున్నాయి కదా, "సుకిమా" అనండి, అంటే సందు, అంది. వెక్కిరించడానికే అంది. వాళ్ళు దాన్నే ఖాయం చేశారు.

పేరు కుదరగానే మినోవా పాత బాస్ గిటారు ఒకటి కొనుక్కుని, తానూ పైనే ఉంటానని ప్రకటించాడు. భోజన విరామాల్లో, కంపెనీ వ్యానులో, హెల్మెట్టు తీయకుండా సాధన చేశాడు. ఏడాది తిరిగేసరికి నాలుగు స్వరాలు వచ్చాయి, వాటిలో మూడింటి మీద నమ్మకం కూడా కుదిరింది.

"కెన్ చాన్, నిజంగా ఎక్కుతున్నావా?" అంది షిజు పిన్ని, కెంజోని ముద్దుగా పిలుస్తూ.

"ఎక్కుతున్నా పిన్నీ. వచ్చి చూడు."

"వస్తా. నీ ముఖం ఎప్పుడూ ఆ స్టేజీవైపే ఉండేది. ఇటువైపు ఎలా ఉంటుందో చూడాలిగా."

ఆ శనివారం హాలు నిండింది. వచ్చినవాళ్ళలో సగం మంది మినోవా శిష్యులే. ఆయన నల్ల చొక్కా వేసుకుని, బాస్ తగిలించుకుని, స్టేజీ ఎక్కి నిలబడ్డాడు. అటునుంచి ఇటు చూశాడు. కళ్ళల్లోకి దీపాలు కొట్టి ఏమీ కనపడలేదు. అయినా సంతోషంగానే ఉంది.

కంప్యూటరు డోలు మొదలైంది. హిబినో మొదటి పాదం గొప్పగా పాడింది. ఖాళీ వచ్చింది.

ఎవరూ అరవలేదు.

రెండో పాదం, రెండో ఖాళీ. ఏసీ మిషను తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎవరో దగ్గి, వెంటనే తల వంచి క్షమాపణ చెప్పుకున్నారు. మూడో ఖాళీ, అన్నిటికన్నా పెద్దది, అందరూ గంతేయవలసినది, వచ్చి అలాగే నిలబడిపోయింది. వెనక బెంచీ మీది నుంచి షిజు పిన్ని గొంతు వినపడింది. "ఏమిటి, కరెంటు పోయిందా?"

ఏం జరిగిందో మినోవాకి అప్పుడర్థమైంది. పాట కొత్తది. కొత్త పాటలో ఏ ఖాళీకి ఏ అరుపో ఎవరికి తెలుస్తుంది? తెలియని చోట నోరు తెరిచే దుర్మార్గులెవరూ ఆ హాల్లో లేరు. పాటకి ఊపడానికి తెచ్చుకున్న రంగురంగుల వెలిగే కర్రలు గుండెలకి ఆనించుకుని, గురువుగారి పాటను గౌరవంగా, నిశ్శబ్దంగా వింటున్నారు. ఏడాది పొడుగునా ముగ్గురు పెద్దవాళ్ళు, ఇన్ని ఆదివారాలు, ఇన్ని టోస్టులు, ఈ ఒక్క సంగతీ ఒక్కరికీ తట్టలేదు.

మినోవా పైనుంచే అరిచి చూశాడు. అరిస్తే చెయ్యి ఆగిపోతోంది. చెయ్యి ఆడితే గొంతు పెగలడం లేదు. మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. చప్పట్లు కొట్టారు, పెద్దవాళ్ళ ఇంట్లో కొట్టినట్టు.

హిబినో నీళ్ళ సీసా కోసం వంగినట్టు వంగి గుసగుసగా అంది. "మినోవా సాన్, ఇంకా మూడు పాటలున్నాయి. మూడూ ఇలాగే ఉంటాయి."

మినోవా ఇనుకాయ్ వైపు తిరిగాడు. "బాస్ లేకపోతే పాట నిలబడుతుందా?"

"నిజం చెప్పమంటారా?"

"వద్దు."

తనకు తెలిసిన నాలుగు స్వరాలనూ ఆయన ఒకసారి చూసుకున్నాడు. ఎంత కాలం ఎదురుచూసి ఎక్కిన ఎత్తు అది, మోకాలి కన్నా కాస్త ఎక్కువుంటుంది. బాస్ తీసి గోడకి ఆనించి, అంచు మీద కూర్చుని, జాగ్రత్తగా కిందికి జారాడు. శిష్యులు తప్పుకుని ఆయన పాత చోటు ఖాళీ చేసి పెట్టారు. కానీ ఆయన ఎప్పటిలా స్టేజీ వైపు తిరగలేదు. వాళ్ళ వైపు తిరిగాడు.

రెండో పాట మొదలవుతుండగా అరచెయ్యి అడ్డంగా పెట్టాడు. ఆ చెయ్యి పెడితే ఈ దేశంలో ఆగనివాడు లేడు. అందరూ ఊపిరి బిగపట్టారు. ఖాళీ రాగానే చెయ్యి తీసి, లారీని పొమ్మన్నట్టు ఊపి, తానే ముందుగా "హై, హై" అన్నాడు. మొదటి రెండుసార్లు కొందరు ముందూ కొందరు వెనకా పడ్డారు. మూడోసారి సగం హాలు అందుకుంది. పెద్ద ఖాళీ వచ్చేసరికి చెయ్యి పైకెత్తడమే ఆలస్యం, అంతమందీ ఒక్కసారి గంతేశారు. పైనున్న దుకాణంలో అలమర అద్దాలు అదిరాయని తరవాత ఫిర్యాదు వచ్చింది.

ఇన్నేళ్ళుగా తన చుట్టూ నిలబడి అరిచిన మనుషుల ముఖాలు, వాళ్ళు అరుస్తుండగా, మినోవా చూడటం అదే మొదలు. బ్యాంకులో పనిచేసే కళ్ళజోడాయన చెవులదాకా నోరు తెరిచి ఉన్నాడు. పలకరిస్తే నేలచూపులు చూసే కుర్రవాడొకడు కళ్ళు మూసుకుని, ఆనందంగా, ఎవరి పేరో పిలుస్తున్నాడు. అంత అందమైన దృశ్యం ఈ హాల్లో ఉందని, ఇన్నాళ్ళూ తన వీపు వెనకే ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాలుగో పాటకు ఆయన గొంతు పూర్తిగా పోయింది. చేతులు మాత్రం పనిచేశాయి.

కచేరీ అయ్యాక హాలు యజమాని ఒక ధర్మసందేహం లేవదీశాడు. పైన ఉన్నవాళ్ళు కళాకారులు, కింద ఉన్నవాళ్ళు టికెట్టు కొనాలి. అది అక్కడి చట్టం. మినోవా మారు మాట్లాడకుండా కొన్నాడు. అప్పటినుంచి తన బృందం కచేరీలన్నిటికీ టికెట్టు కొనుక్కుని వెళ్ళే సంగీతకారుడు నగోయాలో ఆయన ఒక్కడే. ఇది అన్యాయమని హిబినో కోపగించుకుని, బృందాన్ని పరిచయం చేసేటప్పుడు ఆయన పేరే ముందు చదవడం మొదలుపెట్టింది. పేరు చదివి వేలు కిందికి చూపిస్తుంది.

ఇనుకాయ్‌కి మాత్రం మనసులో పీకుతూనే ఉంది. ఒకనాడు కాఫీ దగ్గర కొత్త పాట వినిపించాడు. మొదటినుంచి చివరదాకా ఎక్కడా సందు లేని పాట. బాస్ వంతు నాలుగే స్వరాలు, పైగా నెమ్మది.

"ఇది మీకోసమే చేశానండీ. ఒక్క పాటకైనా పైకి రండి."

మినోవా శ్రద్ధగా విన్నాడు. బాగుందన్నాడు, చాలా బాగుందన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు.

"మరి వీళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకుంటారండీ?"

"ఎవరు, హిబినో సానా?"

"కాదండీ. కింద వాళ్ళు."

ఇనుకాయ్ జవాబు చెప్పేలోపే మినోవా చెంచా అందుకుని, రెండో పాదం నడుమ బల్ల మీద గట్టిగా రెండు దెబ్బలు వేశాడు. షిజు పిన్ని వంటింట్లోంచి, కప్పులు జాగ్రత్త, అని అరిచింది. ఇనుకాయ్ నిట్టూర్చి పాదాన్ని అక్కడికి తెగ్గోశాడు.