జాతి: తెలియదు

నా చిన్నప్పుడు, తొంభైలలో, మేము ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా పై వాటాలోని నేవీ అంకుల్‌ది భీమిలి దగ్గర ఒక పల్లె. ఇరవై ఏళ్ళు ఓడల మీద పనిచేసి, చివరి పోస్టింగుకు సముద్రమే లేని ఈ ఊరికి వచ్చారు. డెక్కు మీద కాపలా ఉన్నప్పుడు కనిపించిన ప్రతి తిమింగలాన్నీ, ప్రతి డాల్ఫిన్‌నూ ఆయన ఒక నోటుపుస్తకంలో నమోదు చేసేవారు. సమయం, గాలి, దూరం, వెన్ను మీది రెక్క, ఊపిరి చిమ్మిన తీరు, ఆఖరి గడిలో జాతి.

ఒక పరిశోధకురాలు ఆ వివరాలు కోరారట. నా దస్తూరీ బాగుంటుందని శుద్ధప్రతి రాసే పని అంకుల్ నాకు అప్పగించారు. నాలుగు రోజులు శ్రద్ధగా రాశాను. చివరి పేజీలో ఆగిపోయాను.

అండమాన్ దగ్గర, తెల్లవారుతుండగా. గాలి లేదు. పొడవాటి నల్లని వీపు. రెక్క కనిపించలేదు. ఊపిరి చిమ్మలేదు. ఇరవై నిమిషాలు ఓడ పక్కనే, అదే దూరంలో వచ్చింది. ఇంజను ఆపగానే అదీ ఆగింది. జాతి: తెలియదు.

చదువుతుంటే భయమేసింది. పైగా, ఖాళీ వదిలితే మార్కు పోతుందని బడిలో నేర్చుకున్నదాన్ని. బొమ్మల పుస్తకం తిరగేసి, ఆ గడిలో 'నీలి తిమింగలం' అని రాసేశాను. పేరు పెట్టాక భయం కూడా తగ్గింది.

మరునాటి ఉదయం, కవరు అంటించే ముందు, అంకుల్ భూతద్దంతో ఆ పేజీ చూశారు.

"నువ్వున్నావేటమ్మా ఆ రోజు డెక్కు మీద?" అన్నారు. "ఇందులో ఒక్కటి అబద్ధమని తేలితే, ఇరవయ్యేళ్ళ పుస్తకమంతా సిత్తు కాయితమే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఊరడించలేదు. కాగితం, పెన్సిలు ఇచ్చి బాల్కనీలో నిలబెట్టారు. జనవరి పొగమంచు, ఎదుటి బ్లాకు లేదు, మైదానం లేదు. అగుపడిందే రాయమన్నారు.

కొంతసేపటికి ఆ తెలుపులో ఏదో నల్లగా ఉబ్బింది. మెల్లగా సాగింది, దిగిపోయింది, ఇంకాస్త ఇవతల మళ్ళీ లేచింది. చప్పుడు లేదు. నేను గబగబా 'గేదె' అని రాశాను.

"కొమ్ములు అగుపడ్డాయా?"

"నహీ అంకుల్."

"కాళ్ళు?"

"నహీ."

"మరి గేదని నీకెవలు సెప్పారు?"

మేము మాటలు ఆపాము. అదీ ఆగింది. మా వైపే తిరిగి ఉందో లేదో చెప్పడానికి దానికి ముఖమంటూ కనిపించలేదు. అంకుల్ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. తర్వాత అక్కడ పొగమంచు ఒక్కటే మిగిలింది. ఆయన నన్ను లోపలికి లాగి తలుపు గడియ వేశారు. నేను 'గేదె' కొట్టేసి, చివరి పేజీ మొత్తం తిరగరాశాను, జాతి గడిలో 'తెలియదు' అనే. కవరు ఆ మధ్యాహ్నమే పోస్టులో వెళ్ళింది.

ఉద్యోగంలో ఎన్నో రిజిస్టర్లు రాశాను. "ఏదో ఒకటి నింపేయండి మేడమ్" అన్న ప్రతి అధికారితోనూ తగవు పడ్డాను. చూడనిదాన్ని చూసినట్టు రాసేవారిని ఇప్పటికీ క్షమించలేను. ఆ ఉదయం సంగతి చెబితే మాత్రం, అది గేదే అయి ఉంటుందని అందరూ నవ్వుతారు. అలా అనుకుంటే నాకూ హాయిగానే ఉంటుంది. కానీ నేను గేదెను చూడలేదు.