బైండింగు బంక

చిన్నచిన్న పరిశ్రమలు పెట్టుకున్న పేదవాళ్ళకు సలహాలివ్వడం నా ఉద్యోగం. డెబ్బైలలో మా ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద ఉండేది. సర్కారు గ్రాంటు సలహాలకే వచ్చేది. పెట్టుబడి అడిగితే మా దగ్గర పైసా లేదు. నేను జన్మలో ఏ వస్తువూ తయారుచేసి ఎరగను, అయినా సలహాలకు లోటు రానివ్వలేదు.

గుణదల నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు, ముగ్గురు ఆడపిల్లలు. పుస్తకాల బైండింగు షాపులకు బంక వండి ఇచ్చేది. ఆమె బంకతో కట్టిన పుస్తకానికి పురుగు పట్టదని షాపుల వాళ్ళు ఆమె కోసమే కాచుకుని ఉండేవారు. ఇంకో పొయ్యి, పెద్ద డేగిసా కొనుక్కోవడానికి సాయం దొరుకుతుందేమోనని ఆశ. ముందు రిపోర్టు రాయాలన్నాను. బంకలో ఏమేం వేస్తావని అడిగితే మైదా, మైలుతుత్తం అని ఊరుకుంది. ఇంకేమీ లేదా అంటే లేదంది.

సోమవారం పొద్దున్నే గుణదల నుంచి నడుచుకుంటూ మళ్ళీ వచ్చింది. ఆదివారం చర్చిలో పూజ జరుగుతుంటే మనసు నిలవలేదట.

"మీకు అబద్ధం చెప్పానండి. వసకొమ్ము నానేసిన నీళ్ళతో వండుతాను. మా అత్తగారు నేర్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదండి."

రాసుకున్నాను. మంచి మనిషివమ్మా అని మెచ్చుకున్నాను కూడా.

మా దగ్గర ప్రతి రిపోర్టునూ సైక్లోస్టైల్ తీసి అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవాళ్ళం. ఎన్ని పంచితే పైవాళ్ళ దగ్గర అంత పేరు. మా వీధిలోనే ఒక కాగితాల వ్యాపారి, కొత్తగా ఏం పెడితే బాగుంటుందని సలహాకు వచ్చాడు. నాకు కాఫీ తెప్పించాడు. ఆమె రిపోర్టు ఆయన చేతిలో పెట్టాను. ఆ క్షణంలో ఆమె గుర్తుకు రాలేదని బుకాయించను. వచ్చింది. పెద్దమనిషితో పరిచయం ఊరికే పోదనుకున్నాను.

మూడు నెలలు తిరక్కుండా అదే బంక రంగురంగుల లేబుళ్ళ డబ్బాల్లో షాపులకు చేరింది. ఆమె దగ్గర కొనడం మానేశారు.

ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడింది. పెద్దపిల్లను బడి మాన్పించి ఎవరింట్లోనో పనికి పెట్టిందట. వసకొమ్ము సంగతి ఆ డబ్బాల వాళ్ళకెలా తెలిసిందో అంతుపట్టడం లేదంది. నా మీద అనుమానమే రాలేదు. అదే నా ఒళ్ళు మండించింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ముందు మీతో అబద్ధమాడాను కదా, అందుకే దేవుడిలా చేశాడంటారా అండీ?"

కాదని ఒక్క మాట చాలు. నా సొరుగులో ఇంకా నాలుగు కాపీలున్నాయి.

"అయ్యుంటుందమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి, నాకు దణ్ణం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.