అల్పాకా తల్లికి దక్కిన న్యాయం

అమెరికాలో మా యాకిమా ఊరి తెలుగువాళ్ళు కామేశ్వరి గురించి రెండే మాటలు చెబుతారు. పెరట్లో గోంగూర బాగా పండిస్తుందని ఒకటి. గ్రహణం వేళ బయటికెళ్ళి బిడ్డను పోగొట్టుకుందని ఇంకొకటి. ఆ రెండో మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నా నోరు పెద్దదని మా ఆయన అంటూనే ఉంటారు. అననివ్వండి. ఈ ఒక్క విషయంలో నేను నోరు మూసుకోను.

కామేశ్వరిది గుడివాడ. పద్దెనిమిదో ఏట సొంత మేనమామకే ఇచ్చి పెళ్ళి చేశారు. మేనమామ సూర్యప్రకాశ్ గారు పశువైద్యం చదివి, అమెరికా వచ్చి జెనెటిక్స్‌లో డాక్టరేట్ చేసి, మా ఊరి పక్కన పశువుల రక్తం పరీక్షించే ఒక ల్యాబ్‌లో చేరారు. ఏ దూడకు తండ్రి ఎవరో రక్తం చూసి తేల్చడం ఆయన పని. చిన్నప్పుడు తనను భుజాన మోసిన మనిషిని ‘ఏమండీ’ అనడానికి కామేశ్వరికి నోరు తిరగలేదు. పెళ్ళయ్యాక కూడా ‘మావయ్యా’ అనే పిలుస్తుంది. ఈ సంబంధం కుదిర్చింది ఆయన అక్క నరసమ్మ గారు, అంటే కామేశ్వరి తల్లి. తమ్ముణ్ణి చదివించిందీ ఆవిడే. అందుకే ఆయనకు అక్క మాట వేదవాక్కు.

డెబ్భై తొమ్మిది ఫిబ్రవరిలో మా ఊరికి సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. కామేశ్వరికి అప్పుడు నాలుగో నెల. ఇల్లు కదలొద్దని, కత్తిపీట ముట్టుకోవద్దని నరసమ్మ గారు ముందే ఫోన్ చేసి చెప్పారు. తీరా ఆ పొద్దున చలికి సూర్యప్రకాశ్ గారి కారు స్టార్ట్ కాలేదు.

“ఇవాళ్టికి ఉండిపో మావయ్యా, అమ్మకి తెలిస్తే చంపేస్తుంది” అంది కామేశ్వరి.

“సూర్యుడికి చంద్రుడు అడ్డమొస్తే నీ కడుపులో బిడ్డకేంటే? ఎడ్యుకేటెడ్ పీపుల్ మాట్లాడే మాటలేనా ఇవి? మీటింగ్ ఉంది, నీ కార్ తియ్, నన్ను డ్రాప్ చెయ్యి” అన్నారాయన.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. దారిలోనే చీకటి కమ్మింది. కామేశ్వరి కారు రోడ్డు పక్కన ఆపి, కొంగు కడుపు మీద కప్పుకుని కళ్ళు మూసుకుంది. ఆయన మాత్రం దిగి, మబ్బుల సందున ఆకాశం కేసి చిన్నపిల్లాడిలా చూస్తూ నిలబడ్డారు.

జులైలో ఆడపిల్ల పుట్టింది. పై పెదవీ అంగిలీ చీలి ఉన్నాయి, గుండెలో కూడా లోపం ఉంది. నెల తిరక్కుండానే పోయింది. చీలిన పెదవిని మనవాళ్ళు గ్రహణం మొర్రి అంటారు కదా, ఇంక వేరే విచారణ అక్కర్లేకపోయింది. “కడుపుతో ఉండి గడప దాటావా? చేతులారా చంపుకున్నావే!” అని నరసమ్మ గారు ఫోన్‌లో అరిచారు. గడప దాటించిన మనిషి ఆ ఫోన్ పక్కనే నిలబడి ఉన్నారు. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు. కామేశ్వరి ఆపిల్ పళ్ళు ఏరే షెడ్డులో పనికి కుదురుకుంది. సీమంతాలకు పిలిచినా రావడం మానేసింది. పిలిచేవాళ్ళు కూడా, రాదులే అన్న ధైర్యంతోనే పిలిచేవారు.

ఎనభై నాలుగులో డేల్ అనే పెద్దమనిషి మా పక్క కొండల్లో అల్పాకా అనే జంతువుల్ని పెంచే రాంచ్ పెట్టాడు. ఒంటె జాతివే గానీ గొర్రె కంటే కాస్త ఎత్తుంటాయి. వాటి ఉన్ని పట్టులా ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి కొత్తగా దిగిన జంతువులు కాబట్టి ఒక్కో పిల్లకు కారు ఖరీదు పలికేది. ఎనభై ఏడు చివర్లో వాటిలో ఒకదానికి ముక్కు రంధ్రాలు లోపల మూసుకుపోయిన పిల్ల పుట్టి, పాలు తాగలేక చచ్చిపోయింది. డేల్ సూర్యప్రకాశ్ గారికి కబురు పెట్టి, రక్తం నమూనాలు ఇచ్చాడు. ఫలితం చెప్పడానికి ఆయన ఆదివారం వెళుతుంటే, కొండలు చూద్దామని కామేశ్వరీ నేనూ కూడా బయల్దేరాం.

“ఈ తల్లిని అమ్మేస్తాను. ఉరుముల వానలో బెదిరిపోయింది, అందుకే పిల్ల అలా పుట్టింది” అన్నాడు డేల్.

“తల్లి మీద నింద వెయ్యకండి” అన్నారు సూర్యప్రకాశ్ గారు. “ఈ తల్లికి తండ్రి అని మీరు రాసుకున్న మగది దీని తండ్రి కాదు. రక్తం కలవలేదు. మీ పెద్ద మగదానితోనే కలిసింది. ఎప్పుడో కంచె దాటి ఉంటుంది. మీరు తెలియక తండ్రినే కూతురికి కట్టారు. దగ్గరి రక్తం కలిస్తే, రెండు వైపులా దాగున్న లోపం బయటపడే అవకాశం పెరుగుతుంది. వాన వల్లా కాదు, తల్లి వల్లా కాదు. ఈ జత మళ్ళీ కలపకండి.”

అంటూ ఆ తల్లి మెడ నిమిరారు. కామేశ్వరి కంచె పట్టుకుని నిలబడి అంతా వింది. ఇంగ్లీషు బాగా రాదని మేం అనుకునేవాళ్ళం గానీ, ఆ మాటలు అర్థం కావడానికి ఆమెకు పెద్ద ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగింది. “మనం కూడా దగ్గరి రక్తమే కదా మావయ్యా?”

“కచ్చితంగా చెప్పలేం. ఛాన్స్ ఉంది” అన్నారాయన.

“గ్రహణం వల్లయితే కాదుగా?”

“కాదు.”

“ఆ ముక్క అమ్మకి చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతుంది.”

“అక్క తట్టుకోలేదే. ఈ సంబంధం చేసింది తనే కదా. అక్కడంటే బ్రీడింగ్ ప్రోగ్రామ్, ఇది ఫ్యామిలీ” అన్నారు. వెనక సీట్లో నేను పళ్ళు కొరుక్కున్నాను. కామేశ్వరి ఏడుపు మొదలుపెట్టేసరికి, “సరే, వచ్చే వేసవిలో అక్క వస్తుందిగా, ఎదురుగా కూర్చోబెట్టి నేనే చెబుతాను” అని మాటిచ్చారు.

ఆ మాట పట్టుకుని కామేశ్వరి ఆ చలికాలమంతా గడిపింది. ఆపిల్ షెడ్డులో పాటలు పాడుతోందని విని నేను ఆశ్చర్యపోయాను. వాళ్ళమ్మ కోసం కొత్త దుప్పట్లు కొంది. మా చెల్లెలు రేణు సీమంతానికి, తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, పూలు పట్టుకుని వచ్చింది.

నరసమ్మ గారు జూన్‌లో దిగారు. వచ్చిన వారానికి మమ్మల్ని భోజనానికి పిలిచారు. పప్పు వడ్డిస్తూ ఉంటే, రేణుకు నెలలు నిండుతున్నాయన్న ప్రస్తావన వచ్చింది.

“ఆ పిల్లనైనా జాగ్రత్తగా ఉండమనండి. మా కామేశ్వరిలా చేసుకోవద్దని చెప్పండి” అన్నారు నరసమ్మ గారు.

కామేశ్వరి గరిటె పట్టుకుని ఆగిపోయింది. “మావయ్యా, చెప్పు” అంది మెల్లగా.

ఆయన అన్నం కలుపుతూ ఉండిపోయారు.

“నీకేదో చెప్పాలన్నాడమ్మా. ఆ రోజు కారు నడిపింది నేనే, కానీ రమ్మన్నది మావయ్యే. వద్దంటే తిట్టాడు. పక్క సీట్లో కూర్చున్నాడు. అసలు బిడ్డ పోయింది గ్రహణం వల్ల కాదు. మావయ్యకు తెలుసు, అడుగు.”

నరసమ్మ గారు తమ్ముడి కేసి ఒకసారి చూసి, కూతురి మీద విరుచుకుపడ్డారు. “వాడు మగాడు, రమ్మంటాడు. కడుపు సంగతులు వాడికేం తెలుసు? మోసేదానివి నువ్వు, నీకు బుద్ధుండొద్దూ?”

నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. కామేశ్వరీ అక్కడికే చూస్తోంది. ఇప్పుడైనా నోరు విప్పుతారని నాకు ఇంకా ఆశ ఉంది.

“నిజమేలే అక్కా, నాకేం తెలుసు?” అన్నారు సూర్యప్రకాశ్ గారు. పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నారు.