ఒగ గడే గదప్పా!

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి, కాళ్ళు తుడుచుకుని వెళ్ళే రోజులవి. (గుడిలోకి కూడా జనం అంత భక్తిగా వెళ్ళేవాళ్ళు కాదని నా అనుమానం.) ఇప్పుడైతే చంటిపిల్లలు కూడా అన్నం తింటూ వేలితో తెర నొక్కుతున్నారు గానీ, ఆ ఎనభైల్లో చిత్తూరు వైపు కంప్యూటరంటే ఏసీ గదిలో ముసుగేసుకుని కూర్చున్న కొత్త పెళ్ళికూతురు. ఆ పెళ్ళికూతురికి తోడుగా మెడ్రాసు నుంచి దిగినవాణ్ణి నేను. పుట్టి పెరిగిందంతా మెడ్రాసులోనే కాబట్టి, చెరుకంటే బీచిలో గ్లాసులో పోసి ఇచ్చే రసమని తప్ప ఇంకేమీ తెలియదు. వయసు చిన్నది, కోపం పెద్దది. పైగా చేతిలో ఎప్పుడూ ఫోను. ఇప్పటి ఫోను కాదు లెండి, చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో ఉండే నల్లటి ఫోను, దాని రిసీవరుతో కొబ్బరికాయ కొట్టొచ్చు. మెడ్రాసులో ఉన్న మా బాసుకి ట్రంకాల్ దొరికిందే తడవు, వైరు సాగినంత మేర అటూ ఇటూ తిరుగుతూ నా కష్టాలన్నీ అరిచి చెప్పేవాణ్ణి. అందుకే ఆఫీసులో నా అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ నేను ‘ఫోనప్ప’నే.

నాకప్పగించిన పని చాలా చిన్నది. ఏ రైతు చెరుకు ముందు కొట్టాలి, ఎవరిది తర్వాత అనే వరసని కంప్యూటరు తయారు చేసివ్వాలి. ముందు నాటినవాడిది ముందు కొట్టాలి, అంతే. ముదిరిన చెరుకుని చేలో నిలబెడితే ఎండి బరువు తగ్గిపోతుంది కాబట్టి, కటింగ్ ఆర్డరు కోసం ప్రతి రైతూ పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూస్తాడు. చెరుకు ఆడడం మొదలుపెట్టే గానుగ పూజ రోజున ఫ్యాక్టరీ చైర్మన్ గారు మీట నొక్కగానే మొదటి ఆర్డర్లు అచ్చయి బయటికి రావాలి. “రాకపోతే నువ్వక్కడే చెరుకు కొట్టుకుంటూ బతుకు, ఇటు రావద్దు” అన్నాడు బాసు. నా మొదటి ఉద్యోగం భవిష్యత్తంతా ఆ ఒక్క కాగితం మీద ఆధారపడింది.

కాగితం తేలిగ్గానే వచ్చేది, కేన్ ఆఫీసరు ఒకరోజు చల్లదనం కోసం నా గదిలోకి రాకపోయి ఉంటే. చెరుకు కొట్టించి లారీలకెక్కించే పని ఆయనది. కాసేపు ఏసీ కింద నిలబడి, “సూడప్పా, వానొచ్చిందంటే మట్టిదోవలో లారీ దిగబడతాది. రోడ్డు పక్క తోటలకి ముందుగా పొయ్యేట్టు ఒగ గడి పెట్టు” అన్నారు. సబబే కదా అని ప్రోగ్రాములో ఆ షరతుకొక గడి పెట్టాను. ఆ మర్నాడు చైర్మన్ గారు వచ్చారు. “మా సడ్డకుడి తోట చంద్రగిరి పక్క ఉండాది. ఆయప్పది ఎనకబడిందంటే ఇంట్లో నాకు కూడు పుట్టదు. దానికీ ఒగ గడి పెట్టు.” (సడ్డకుడంటే తోడల్లుడని బాసుని అడిగి తెలుసుకున్నాను, ట్రంకాల్లో.) తర్వాత అకౌంట్సు పెద్దాయన రాహుకాలంలో ఎవరి తోటలోనూ కత్తి పెట్టకుండా ముహూర్తం చూసే గడి అడిగాడు. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు తమకొక గడి అడిగారు. నేను మొహం ముడుచుకుంటే అందరిదీ ఒకటే మాట: “ఒగ గడే గదప్పా! నీ సొమ్మేం పోతాది?” నేను ట్రంకాల్ దొరకగానే బాసు మీద అరిచేవాణ్ణి. బాసు చల్లగా, “కస్టమరు అడిగితే పెట్టెయ్యాలి నాయనా” అనేవాడు.

ఈ గడుల సంగతేమీ తెలియని మనిషి ఒకాయన ఉండేవాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగుండే ముసలి రైతు. అందరికంటే ముందు చెరుకు నాటింది ఆయనే. రోజూ వచ్చి గుమ్మం బయటే నిలబడి, “ఏం నాయనా, మనది యాడుండాది?” అని అడిగేవాడు. మొదట్లో, “మీదే మొదటిది తాతా!” అని గర్వంగా చెప్పేవాణ్ణి. గడి పెరిగినప్పుడల్లా ఆయన వరస కిందికి జారడం మొదలైంది. ఒకరోజు గొడుగు మీద రెండు చేతులూ ఆనించి, “మొన్న ముందరుండాది, నిన్న నడాన ఉండాది, ఈ పొద్దు తోకకాడికి పొయ్యింది. నాటిన చెరుకు నడిసేది నేనైతే యాడా సూళ్ళా నాయనా, మెడ్రాసులో నడస్తాదా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఫోను మీద మండింది.

పూజకి ముందురోజు అందరినీ పిలిచి పరీక్ష కోసం మీట నొక్కాను. కంప్యూటరు చాలాసేపు ఆలోచించింది. ప్రింటరు గరగరమని ఒక తెల్ల కాగితాన్ని బయటికి తోసింది. దాని మీద ఒక్క పేరు లేదు. లోపల జరిగిందేమిటంటే, పెళ్ళివాళ్ళ గడి రోడ్డు పక్క తోటలు ముందు కానీ అంది. రోడ్డు గడి సడ్డకుడిది ముందు కానీ అంది. సడ్డకుడి గడి ముహూర్తం చూడాలంది. ముహూర్తం గడి పెళ్ళివాళ్ళయ్యాకే అంది. ‘ముందు మీరెక్కండి, అబ్బే మీరెక్కండి’ అనుకుంటూ బస్సు మెట్ల దగ్గర ఆగిపోయిన వియ్యంకుల్లాగా అన్నీ కట్టగట్టుకుని నిలబడిపోయాయి. బస్సు వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే ట్రంకాల్ దొరికింది. పక్కనున్న ఆఫీసు గదిలోంచి వైరుని గుమ్మందాకా లాగి, రిసీవరు చెవికి పెట్టుకుని బాసుకి “సార్, కాగితం...” అంటున్నానో లేదో, చైర్మన్ గారు వెనకనుంచి, “దీనికేందప్పా అంత దిగులు? వీటన్నిటినీ సర్దేదానికి ఇంగొగ గడి పెడితే సాలు గదా?” అన్నారు.

అంతే. “ఇంక నా వల్ల కాదు!” అని అరిచాను. “గడి కావాలన్నవాళ్ళెవరైనా సరే, దానివల్ల ఎవరి చెరుకు వెనక్కి పోతుందో వాళ్ళ దగ్గరికెళ్ళి, ‘మీది ఎండితే ఎండనీ, మాది ముందు కొట్టించుకుంటాం’ అని మొహం మీద చెప్పి రండి. వచ్చి నాకు చెప్పండి. అప్పుడు ఒకటి కాదు, వంద పెడతాను!”

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. నా ఉద్యోగం నా కళ్ళముందే చెప్పులు తొడుక్కుని బయటికి నడిచిపోతున్నట్టనిపించింది. చైర్మన్ గారు నెమ్మదిగా, “మా సడ్డకుడి గడితో ఎవురిది ఎనక్కి పోతాది?” అని అడిగారు. నేను రిసీవరుతో గుమ్మం బయటికి చూపించాను. అక్కడ గొడుగు తాత నిలబడి ఉన్నాడు.

చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. “మామా...” అన్నారు. మళ్ళీ సవరించుకున్నారు. “కాఫీ తాగినావా మామా?”

“తాగినాలే అల్లుడా. ఏందో సెప్పాలని వస్తివే, సెప్పు.”

“ఏం ల్యా మామా. ఊరికే పలకరిస్తామని.” ఇటు తిరిగి, “ఫోనప్పా, ఆ గడి పీకెయ్యి” అన్నారు. కేన్ ఆఫీసరు తాత వైపు చూసి, “దోవ ఎండే ఉండాదిలే, నాదీ తీసెయ్యి” అన్నారు. అకౌంట్సు పెద్దాయన రాహుకాలం నా ఇష్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

“పెండ్లి గడి మాత్రం ఉండనీ నాయనా,” అన్నాడు తాత. “పాపం, పందిరి ఏసుకోని ఉండారు. నన్నూ పిలిసినారు. వాళ్ళది అయిపోగానే నాది కొట్టండి. ఆ మాత్రానికి నా చెరుకు పుల్లైపోదు.”

చెవి దగ్గర బాసు గొంతు కోసం వెతుక్కున్నాను. వినిపించింది ట్రంకాల్ కలిపే అమ్మాయి గొంతు: “టైమైపోయింది సార్, పొడిగించమంటారా? ఆ తాత చెరుకు సంగతి తేలిందా?”

మర్నాడు కొబ్బరికాయ కొట్టారు, చైర్మన్ గారు మీట నొక్కారు, కాగితం వచ్చింది. పెళ్ళివాళ్ళు మొదట, వాళ్ళ వెనకే తాత. ఆయన తన ఆర్డరుని ఎండకి ఎత్తిపట్టి చూసి, “ఇది రేపటికి నడిసిపోదు గదా?” అని అడిగి, గొడుగులోపల భద్రంగా దోపుకుని వెళ్ళాడు.

‘ఒగ గడే గదా’ అంటూ పెంచుకుంటూ పోయే ఈ జబ్బుకి ఇప్పుడు ఇంగ్లీషులో పెద్ద పేరుంది, కుర్రాళ్ళు దాని మీద పాఠాలు చెబుతున్నారు. మీటింగుల్లో ఎవరైనా “చిన్న మార్పే సార్” అంటే, “దీనివల్ల ఎవరి పని వెనక్కి పోతుందో వాళ్ళకి మీరే చెప్పొస్తారా?” అని మెత్తగా అడుగుతాను. అదే ఏసీ చప్పుడు వినిపిస్తుంది. ఎంత అనుభవమో అని వాళ్ళు మెచ్చుకుంటారు. అది అనుభవం కాదు, కాళ్ళకి చెప్పుల్లేకుండా, మెడకి ఫోను వైరు చుట్టుకుని అరిచిన ఒక కుర్రవాడి ఒట్టి కోపం. ఇప్పుడు నా ఫోనుకి వైరు లేదు, కోపానికీ అంత పొడుగు లేదు. అప్పుడప్పుడూ వాణ్ణొకసారి మీటింగుకి పిలిపిస్తే బాగుండుననిపిస్తుంది. వస్తే మాత్రం ముందు గుమ్మం బయట చెప్పులు విప్పి, కాళ్ళు తుడుచుకుంటాడు, పిచ్చి సన్నాసి.